గీతలు పోయేదాకా

ఆవిడకు కాలు ఒకచోట నిలవదు. కూర్చుంటే మోకాలు ఆడిస్తుంది, నిలబడితే గోళ్ళు కొరుకుతుంది. టీ తాగాలన్నా ఒక గుక్క పొయ్యి దగ్గర, ఇంకో గుక్క గుమ్మం దగ్గర. అలాంటి మనిషి ఎంచుకున్న వృత్తి చూడండి: ఎదుటివాళ్ళను కదలకుండా కూర్చోబెట్టి, ఒంటి మీద నూలుపోగు లేకుండా ఫోటోలు తీయడం. ఆవిడ మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా పైకీ కిందికీ తిరిగేది తనైతే ఇంట్లో స్థిమితం లేనిది మాత్రం ఈవిడ అని ఆయన కనపడిన వాళ్ళందరితో అంటూంటాడు.

దుకాణం ఇరుకు వీధిలో, జిరాక్సు కొట్టుకీ కుట్టుమిషన్ల కొట్టుకీ మధ్యన. ముందు గదిలో తెల్ల తెర, గుండ్రటి స్టూలు, గోడకి అద్దం, మేకుకి దారంతో కట్టేసిన దువ్వెన. దారం ఎందుకంటే, జనం మొహమాటం లేకుండా జేబులో పెట్టుకుపోతారు కనక. ఇక్కడ తీసేవి పాస్‌పోర్ట్ ఫోటోలు. కడుపు నింపేది ఈ గదే. దీని వెనక ఇంకో గది ఉంది. బూడిదరంగు గోడ, పలచటి గుడ్డ కట్టిన పెద్ద కిటికీ, ఒక మంచం, ఒక రూమ్ హీటరు, కొక్కేనికి వేలాడుతూ వదులుగా ఉండే నూలు గౌను. జిరాక్సు కొట్టాయన భాషలో ముందు గదిది వ్యాపారం, వెనక గదిది వ్యవహారం. ఆ మాట ఈవిడ చెవిన పడింది. పడితే ఏం, ఆయన పాస్‌పోర్ట్ ఫోటో ఈవిడే తీసింది, కావాలని చెవులు పెద్దగా కనపడేలా తీసింది.

వెనక గదికి వచ్చేవాళ్ళు ఈవిడకి పెట్టుకున్న పేరు హీటరమ్మ. ఎండాకాలమైనా, ఎవరైనా వస్తున్నారంటే చాలు, ముందుగా హీటరు వేసి గది వెచ్చబెడుతుంది. చలికి రోమాలు నిక్కబొడుచుకుంటే మనిషి ముడుచుకుపోతాడు, ముడుచుకున్నవాడి ఫోటో తీసి ఏం లాభం? రిటైరైన పోస్ట్‌మాన్ వచ్చాడు, నెలలు నిండిన టైపిస్టు వచ్చింది, కుస్తీలు మానేసిన పహిల్వాను వచ్చి గౌను పట్టక దుప్పటి చుట్టుకుని కూర్చున్నాడు. తలుపు గడియ లోపలివైపు ఉంటుంది, అది వేసేదీ తీసేదీ వచ్చినవాళ్ళే. హీటరమ్మ ఎవరినీ వేలితో కూడా తాకదు. మోచెయ్యి ఎక్కడుండాలో, గడ్డం ఎంత ఎత్తాలో నోటితోనే చెప్తుంది. తీసేది రీలు కెమెరాతో, కడిగేది తన చీకటిగదిలో, తన చేత్తోనే. తనూ, ఆ మనిషీ ఒప్పుకుంటే తప్ప మూడో కన్ను ఆ బొమ్మ మీద పడదు. ఇన్ని చెప్పినా నమ్మనివాళ్ళు నమ్మరు, అది వాళ్ళ ఖర్మ.

వీటన్నిటికంటే ఈవిడను చంపుకుతినే నియమం ఇంకొకటుంది, అదే గీతల గంట. మన ఒంటి మీద బట్టలు ఎన్ని గీతలు గీస్తాయో విప్పి చూసుకుంటే గానీ తెలియదు. నడుం చుట్టూ ఎలాస్టిక్ గీత, భుజాల మీద పట్టీల గీతలు, పిక్కల మీద మేజోళ్ళ గీతలు, మణికట్టుకి వాచీ. ఆ గీతలుండగా ఫోటో తీస్తే చూసేవాడి కళ్ళు ఆ గీతల మీదే ఉంటాయి, బట్టలు ఇప్పుడే విప్పారన్నదే గుర్తొస్తుంది. అందుకని వచ్చినవాళ్ళు ఆ వదులు గౌను తగిలించుకుని, చర్మం మళ్ళీ నున్నబడేదాకా ఊరికే కూర్చోవాలి. ఈ సంగతి ఆవిడకి నేర్పింది ఆర్టు కాలేజీలో బొమ్మలేసే పిల్లలకు మోడలుగా కూర్చునే ఒక పెద్దావిడ. డ్రాయింగు మాస్టారు పిలిస్తే, వయసులో ఉండగా ఈవిడ మొదటిసారి కెమెరా పట్టుకుని వెళ్ళింది. వెళ్ళీ వెళ్ళగానే టకటకా నొక్కడం మొదలుపెట్టింది. ఆ పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టి, "ఏమిటే నీ కంగారు? నా నడుం మీద గీతైనా పోనీ. నా బొమ్మ తీస్తున్నావా, నా లంగా బొందు బొమ్మ తీస్తున్నావా?" అని కసిరింది. అప్పట్నించీ ఈవిడ ఆగడం నేర్చుకుంది. నేర్చుకుందంటే, ఆ గంటసేపూ కాలుకాలిన పిల్లిలా గదంతా తిరుగుతుంది. తుడిచిన లెన్సే తుడుస్తుంది, జరిపిన స్టూలే జరుపుతుంది. కూర్చున్నవాళ్ళు మాత్రం ఆ గంటలోనే నోరు విప్పుతారు. పోస్ట్‌మాన్ తన పెళ్ళాం పోయిన సంగతి చెప్పింది అప్పుడే.

ఇంత చేస్తున్నా ఈవిడకి ఒక ముల్లు గుచ్చుకునే ఉంది. దాని పేరు అక్క.

అక్క బడిలో ఆటల టీచరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే "నా వెనక పరిగెత్తే దమ్మున్నవాడు దొరకలేదు" అని నవ్వేసేది. మెడలో విజిలు, ఒంటి మీద ట్రాక్‌సూటు, వీధి చివర్నించి పిలిచినా వినపడే గొంతు. చుట్టాలందరూ ఆవిడను విజిలక్క అంటారు. ఇంట్లో ఆఖరిది కనక అక్క ఈవిడను ఇప్పటికీ చిన్నదీ అనే పిలుస్తుంది. తండ్రికి ఇదే దుకాణం ఉండేది. ఆయన పోయాక దుకాణం చిన్నదానికి, ఇల్లు పెద్దదానికి అని ఇద్దరూ పోట్లాట లేకుండా పంచుకున్నారు. ఆ పంపకంలో రాని పోట్లాట ఫోటోల దగ్గర వచ్చింది.

హీటరమ్మ ఫోటోలు మొట్టమొదట ఒక హాల్లో గోడకెక్కినప్పుడు అక్కను ప్రత్యేకంగా పిలిచింది. అక్క బడి నుంచి నేరుగా వచ్చింది. అద్దం తలుపు బయటే నిలబడి, ఎదురుగా ఉన్న మొదటి ఫోటో చూసింది. ఒక లావుపాటి ఆవిడ వీపు, కిటికీ వెలుగులో. అంతే, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. చేతిలో పువ్వులు తెచ్చింది కూడా, అవి అలాగే పట్టుకుపోయింది. తర్వాత ఎవరైనా అడిగితే "మా చిన్నది పాస్‌పోర్ట్ ఫోటోలు తీస్తుంది" అనేది. ఒకసారి తోటి టీచరు పేపర్లో చూసి, "ఈవిడ మీ చెల్లెలే కదూ?" అంటే, "కాదు, వేరే ఎవరో" అని తేల్చేసిందట. పాచిపని చేసుకునేదైనా సరే, తోడబుట్టినదాన్ని వేరే ఎవరో అంటుందా అని హీటరమ్మ కుమిలిపోయింది. మాటలు మానుకోలేదు. పండ్లు పంపుకున్నారు, జ్వరాలకు పరామర్శించుకున్నారు. ఆ వెనక గది సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు. ఏళ్ళు గడిచిపోయాయి.

అలాంటి అక్క ఒకరోజు మధ్యాహ్నం దుకాణం తలుపు తోసుకుని వచ్చింది.

"కూర్చో అక్కా, టీ పెడతాను."

"టీ వద్దు గానీ, ఆ వెనక గది ఖాళీగా ఉందా?"

హీటరమ్మకి అర్థం కాలేదు. అక్క స్టూలు మీద కూర్చుని, బూటు లేసు విప్పుతూ, బడికి ఒంటిపూట సెలవని చెప్పినంత తేలిగ్గా చెప్పేసింది. "రేపు పొద్దున నాకు ఆపరేషన్. ఎడమవైపు రొమ్ము తీసేస్తారట. ఇవాళ సాయంత్రం వెళ్ళి ఆస్పత్రిలో చేరాలి."

"ఏమిటక్కా నువ్వనేది? ఎప్పుడు తెలిసింది? నాతో చెప్పాలనిపించలేదా?"

"చెప్తే నువ్వు కాలుకాలిన పిల్లిలా తిరుగుతావు. నా జబ్బు చూసుకోనా, నిన్ను పట్టుకు కూర్చోనా?" అంది అక్క. తర్వాత బూటు చేత్తో పట్టుకుని కాసేపు దానికేసే చూసింది. "ఫోటో తియ్యవే. నువ్వు తీసేలాంటిదే. ఇది పోకముందు ఒకటి ఉండాలనిపించింది. నా దగ్గరే ఉంచుకుంటా, గోడలకెక్కించకు. ఇంకోటి, నువ్వు అందరికీ వీపులూ భుజాలూ తీస్తావటగా, నాకలా వద్దు. మొహం పడాలి. మొహం లేకపోతే అది నేనని నాకే తెలియదు రేపు."

హీటరమ్మ ముందు తలుపుకి 'దుకాణం మూసి ఉంది' పలక తగిలించింది. హీటరు వేసింది. ఏడవకూడదు, ఇప్పుడు ఏడిస్తే అక్క లేచి వెళ్ళిపోతుంది అని తనకి తనే చెప్పుకుంది. అక్క గడియ వేసి, గౌను తగిలించుకుని మంచం మీద కూర్చుంది. ఆ ఒంటి మీద గీతలు ఒకటీ రెండూనా? ట్రాక్‌సూటు ఎలాస్టిక్ నడుం చుట్టూ దిగిపోయింది. మేజోళ్ళు, వాచీ, మెడ వెనక విజిలు తాడు. ఆటల టీచరు ఒళ్ళంతా బిగించి కట్టినట్టే ఉంది.

"ఇక తియ్యి మరి," అంది అక్క.

"ఆగాలి. ఆ గీతలు పోవాలి."

"పోయేదాకా ఏం చెయ్యాలి?"

"ఊరికే కూర్చోవాలి."

"నువ్వా ఈ మాట చెప్పేది?" అని అక్క పగలబడి నవ్వింది. నవ్వి, ఆగి, ఇక మొదలుపెట్టింది. గదిలో బూజు దులపలేదంది. మరిది మరీ చిక్కిపోయాడు, తిండి పెడుతున్నావా లేదా అంది. నాన్న ఉండగా ఈ కిటికీకి గుడ్డ ఎక్కడిది అంది. చిన్నదానికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ గుమ్మం తొక్కని మనిషి ఇవాళ వచ్చి బూజు గురించి చెప్తుందా! "నన్ను వేరే ఎవరో అన్నావు చూడు, అది మాత్రం చచ్చేదాకా మర్చిపోను," అనేసింది. చచ్చేదాకా అన్న మాట నోట్లోంచి జారాక నాలుక కరుచుకుంది.

అక్క కోప్పడలేదు. "అన్నాను. సిగ్గేసింది. నీ గురించి కాదే, ఆ బొమ్మలు చూస్తే నాకే ఏదో అయింది. నన్నెవరో విప్పేసినట్టు. అది నీకు చెప్పడం చేతకాక అలా అన్నాను," అంది.

గీతలు పలచబడ్డాయి. హీటరమ్మ కెమెరా వెనక మూత తెరిచి కొత్త రీలు పెట్టడం మొదలుపెట్టింది. రీలు అంచు నాలుకలాగా ఉంటుంది. దాన్ని కుడివైపు ఇరుసులో దూర్చి, మూత వేసి, కెమెరా మీది మీట ఒకటి రెండుసార్లు తిప్పి, ఎడమవైపు బొడిపె కూడా దానంతట అది తిరుగుతోందా లేదా చూసుకోవాలి. తిరిగితే రీలు పట్టుకున్నట్టు. తిరగకపోతే రీలు కదలడం లేదన్నమాట, మనం ఎన్ని నొక్కినా వట్టి చప్పుడే. కళ్ళు మూసుకుని చేసే పని ఇది, చిన్నప్పుడు తండ్రి ఒడిలో కూర్చుని నేర్చుకుంది. నాలుక దూరుస్తుండగా వెనకనుంచి అక్క గొంతు వినపడింది, ఎన్నడూ వినని చిన్న గొంతు.

"ఒకవైపే ఉంటే, టీషర్టు వేసుకున్నప్పుడు పిల్లలు నవ్వుతారంటావా?"

హీటరమ్మ మూత టక్కున వేసేసింది. గోడవైపు తిరిగే ఉండి, "ఎవడు నవ్వుతాడక్కా, నీ విజిలంటే ప్రిన్సిపాలే వణుకుతాడు," అంది. బొడిపె వైపు చూడలేదు.

ఆ పూట ఎంత బాగా జరిగిందో చెప్పలేను. మొదట్లో అక్క అటెన్షన్‌లో నిలబడింది, "స్టాండెటీజ్ అక్కా!" అంటే గాని భుజాలు దిగలేదు. తర్వాత కిటికీ పక్కన కూర్చుంది. చెయ్యి జుట్టులోకి పోనిచ్చింది. ఆటస్థలంలో ఎండకి నల్లబడ్డ మెడ, అక్కడినుంచి కిందికి ఎప్పుడూ ఎండ తగలని ఒళ్ళు, రెండూ కలిసేచోట ఒక మెత్తటి అంచు. ఒకసారి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని సూటిగా లెన్సులోకి చూసింది. ఈ ఒక్కటి చాలు, నా పుట్టుకకి ఇదొక్కటి చాలు అనుకుంటూ హీటరమ్మ నొక్కింది. చివరికి అక్కే "చాలే" అని లేచింది. బట్టలు కట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి, "బాగా వస్తుందా?" అని అడిగింది. "వస్తుందక్కా," అంది చిన్నది, గుండెమీద చెయ్యి వేసుకుని. అక్క చెయ్యూపి బస్సెక్కింది.

అక్క అటు వెళ్ళగానే ఇటు ఒక కుటుంబం పాస్‌పోర్ట్ ఫోటోలకి దిగింది. పిల్లాడు కళ్ళు మూస్తాడు, తెరిస్తే నోరు తెరుస్తాడు. వాళ్ళని సాగనంపేసరికి పొద్దు వాలింది. అప్పుడు వెనక గదిలోకి వెళ్ళి కెమెరా చేతిలోకి తీసుకుంది. రీలు వెనక్కి చుట్టడానికి ఎడమవైపు బొడిపెకున్న పిడి ఎత్తి తిప్పింది. నిండా చుట్టుకున్న రీలైతే బరువుగా తిరగాలి. ఇది నీళ్ళలో వేలు తిప్పినంత సులువుగా గిర్రున తిరిగింది. ఆవిడకి అక్కడే తెలిసిపోయింది. తెలిసినా మూత తెరిచి చూసింది. రీలు నాలుక ఇరుసులో లేదు, పక్కకి జారి, బయటికి వేలాడుతూ వెక్కిరిస్తోంది. ఒక్క బొమ్మ కూడా పడలేదు.

"అయ్యో, అయ్యో," అంటూ నేల మీద చతికిలబడింది. మళ్ళీ లేచింది. ముందు గదికీ వెనక గదికీ తిరిగింది, తెర లాగింది, హీటరు తీసింది, వేసింది. ఆస్పత్రికి పరిగెత్తుదామంటే రోగుల్ని చూసే వేళ అయిపోయింది. అక్కకి ఫోను చేసి చెప్పడానికి నోరు రాలేదు. మొగుడు పని నుంచి వచ్చేసరికి ఆవిడ ఇంటికి చేరి, నట్టింట్లో నిలబడి తన చెంపలు తనే వాయించుకుంటోంది. ఆయన చేతులు పట్టుకుని కూర్చోబెట్టి సంగతంతా విన్నాడు.

"వదినకి ఇప్పుడేం చెప్పకు," అన్నాడు ఆయన. "ఆపరేషన్ అవనీ, కోలుకోనీ. అప్పుడు కెమెరా పాడైందనో, రీలు కడిగే మందులో పోయిందనో చెబుదువుగాని. ఆ బాధలో ఆవిడ ఫోటో సంగతి అడుగుతుందా?"

"అడగదు. అదే నా ఏడుపు. అడక్కుండా మనసులో పెట్టుకుంటుంది. అయినా అయిపోయాక చెప్తే ఇక తీయడానికి ఏం మిగిలుంటుందండీ?"

ఆయన ఆవిడ చేతులు వదిలేశాడు. "మరి ఇంత తిరుగుతున్నావు కదా, ఆ తిరిగేదేదో రేపు పొద్దున ఆస్పత్రి వైపు తిరుగు," అన్నాడు. అది ఎగతాళి కాదు.

తెల్లారుతూనే హీటరమ్మ ఆస్పత్రి గేటు దగ్గరుంది. సంచిలో కెమెరా, మూడు రీళ్ళు. ఇప్పుడు లోపలికి పంపనన్నాడు వాచ్‌మన్. ఆవిడ బతిమాలలేదు, వాదించలేదు, అతని ముందే అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. అతనికి తల తిరిగి, "వెళ్ళమ్మా తల్లీ, తొందరగా వచ్చెయ్యి," అన్నాడు. వార్డులో చివరి మంచం మీద అక్క ఆస్పత్రి గౌనులో కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చుంది. చేతికి సూది గుచ్చి ప్లాస్టరు వేశారు. చెల్లెల్ని చూడగానే మొహం విప్పారింది.

"ఏమిటే ఇంత పొద్దున్నే?"

"అక్కా, నన్ను కొట్టు," అంది చిన్నది. "రీలు పట్టుకోలేదు. నిన్న ఒక్కటి కూడా పడలేదు. నాన్న నేర్పిన పని, చిన్నప్పట్నించీ చేస్తున్న పని, నీ దగ్గరే తప్పాను. నువ్వు టీషర్టు సంగతి అడిగావు, నేను చూసుకోలేదు. క్షమించమని కూడా అనను. ఇప్పుడు తీస్తాను. తియ్యనిస్తావా?"

అక్క మొహంలో రంగు దిగిపోయింది. ఏమంటే అది పడటానికి చిన్నది సిద్ధపడే వచ్చింది. అక్క గోడ గడియారం చూసింది, వార్డంతా ఒకసారి కలయచూసింది. చుట్టూ మంచాలు, మంచాల నిండా జనం.

"స్ట్రెచరు వస్తుందన్నారు ఇప్పుడే," అంది. "పద, బాత్రూములోకి పద."

తెల్ల పెంకుల గది. ఎత్తున చిన్న కిటికీ, దాని అద్దానికి సున్నం మరకలు, అక్కణ్ణించి నీళ్ళపాల లాంటి వెలుతురు. పక్కనే కారే కుళాయి, బకెట్టు. హీటరు లేదు, గోడలన్నీ చల్లగా చెమర్చి ఉన్నాయి. అక్క గడియ వేసింది. గౌను వీపు మీద ముడులు సూది చేత్తో విప్పుకోలేకపోతే చిన్నది విప్పింది. గౌను జారాక చిన్నది ఒక్కసారి నిలబడిపోయింది. ఎడమ రొమ్ము మీద డాక్టరు ఊదారంగు సిరాతో గీతలు గీసి పెట్టాడు. చుట్టూ ఒక పెద్ద వంకర గీత, చంక వైపు ఇంకోటి, భుజం కింద బాణం గుర్తు. ఎక్కడ కొయ్యాలో కొలిచి పెట్టుకున్నాడు.

"ఇవి నువ్వు గంటసేపు కూర్చోమన్నా పోవు," అంది అక్క. "స్నానం చేసినా పోవట. అడిగాను."

చిన్నదానికి నవ్వొచ్చింది, నవ్వుతోపాటే ఏడుపూ వచ్చింది. "వద్దక్కా. ఉండనీ. ఇలాగే తీస్తాను," అంది. బకెట్టు బోర్లించి దాని మీద సంచి పెట్టి రీలు తీసింది.

"నా ఎదురుగా పెట్టు. నేను చూస్తాను," అంది అక్క. ఒళ్ళు ముందుకు వంచి, పరీక్ష హాల్లో కాపలా ఉన్నట్టు చూసింది. నాలుక ఇరుసులోకి వెళ్ళింది, మూత పడింది. చిన్నది తిప్పింది. ఎడమవైపు బొడిపె కదిలింది. "తిరిగింది!" అంది అక్క. "ఇంకోసారి తిప్పు. ఆఁ, తిరిగింది. ఇక తియ్యి."

చిన్నది కెమెరా కంటికి ఎత్తింది. అక్క గోడకి వీపు ఆనించి నిలబడింది, చేతులు పక్కన వదిలేసి, గడ్డం ఎత్తి. లోపల అంతా మసక. చిన్నది లెన్సు అటు తిప్పింది, ఇటు తిప్పింది. మసక పోవడం లేదు.

"అక్కా, నాకేం కనపడట్లేదు."

"ఏడుస్తుంటే ఎలా కనపడుతుందే మొద్దూ? తుడుచుకో. నాకు చలేస్తోంది."

చిన్నది పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది, ముక్కు చీదుకుంది. ఒకటి తీసింది. ఇంకొకటి తీసింది. ప్రతిసారీ అక్క కళ్ళు ఆ బొడిపె మీదే ఉన్నాయి. నాలుగైదు అలాగే పోయాయి. "నావైపు చూడక్కా, దానివైపు కాదు," అంది చిన్నది. "అది తిరుగుతోంది, ఒట్టు."

అక్క తల ఎత్తింది. "నిన్నటి రీలు కోసం అంతలా ఏడవకు. పోతే పోయింది. నిన్న బస్సులో నేనేం అనుకున్నానో తెలుసా?" అంది. "ఈ ఒళ్ళేసుకుని ఇన్నేళ్ళు తిరిగాను. ఒక్కళ్ళు చూసింది లేదు. జబ్బొచ్చాక డాక్టర్లు చూశారు, స్కానింగువాళ్ళు చూశారు. వాళ్ళు చూసింది గడ్డని. ఏ గడ్డా వెతక్కుండా ఊరికే చూసిన మనిషివి నువ్వొక్కదానివే. నీ దగ్గరికి ఆ పోస్ట్‌మాన్లూ వాళ్ళూ ఎందుకొస్తారో నిన్న అర్థమైంది నాకు."

"బాగుందక్కా," అంది చిన్నది. "నిజంగా చాలా బాగుంది. పొగడ్త కాదు."

"తెలుసు. నువ్వు కెమెరా దింపినప్పుడల్లా నీ మొహం చూశాను కదా నిన్న."

అప్పుడు తీసింది చిన్నది. ఈసారి మసక లేదు. ఊదా గీతలు, సూది చెయ్యి, నల్లబడ్డ మెడ, ఆ మొహం, అన్నీ పడ్డాయి.

బయటనుంచి నర్సు తలుపు కొట్టింది. "లోపలున్నారా అమ్మా? స్ట్రెచరు వచ్చేసింది. టైమైపోయింది, రండి."

బెల్లు కొట్టాక ఆటస్థలంలో ఏ పిల్లనీ ఒక్క నిమిషం ఉండనివ్వని మనిషి గడియ మీద చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండమ్మా, ఇంకా అవలేదు!" అని వార్డంతా వినపడేలా అరిచింది. తర్వాత చెల్లెలి వైపు తిరిగి గొంతు బాగా తగ్గించింది.

"ఇంకొక్కటి తియ్యవే," అంది.

చిన్నది రీలు తిప్పింది.